గరిటె, పాలవెల్లి, పీట, బొమ్మ: చెక్కపనితో అదనపు ఆదాయానికి ఏది ఎంచుకోవాలి?

చెక్కపని నేర్చుకోవాలన్న కోరిక వేరు, ఆ పనితో నెలకు నాలుగు వేలో ఎనిమిది వేలో అదనంగా సంపాదించాలన్న ఆలోచన వేరు. మొదటిదానికి మనసుకు నచ్చిన వస్తువు ఏదైనా చాలు; రెండోదానికి ఆ వస్తువు మన చేతిలో ఎంతసేపు ఉంటుంది, చెక్క ఎంత పోతుంది, కొన్నవారు మళ్లీ వస్తారా రారా అన్న లెక్క కావాలి. ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేసుకుంటూనే, ఇంటి వెనక వసారాలో సాయంత్రాలూ ఆదివారాలూ ఈ పని చేస్తున్న నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఏ మిషను కొనాలన్నది. ఏ వస్తువు చేయాలో తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. గరిటెలు చేసేవారికి అక్కరలేని మిషను పీటలు చేసేవారికి తప్పనిసరి కావచ్చు, బొమ్మలు చేసేవారికి అసలు వేరే యంత్రమే కావాలి.

వడ్రంగం కులవృత్తిగానో జీవనాధారంగానో ఉన్నవారి కోసం ఈ పోలిక రాయడం లేదు. వారానికి ఎనిమిది పది గంటలు మాత్రమే చేతిలో ఉన్నవారు, ఇంట్లోనే ఒక మూల పని చేసుకోగలిగినవారు, పెట్టుబడి పోతే తట్టుకోలేనివారు నా దృష్టిలో ఉన్నారు. వారి ముందున్న దారులు ముఖ్యంగా నాలుగు: బొమ్మలు, వంటింటి వస్తువులు, పూజకూ పండుగలకూ పనికివచ్చే వస్తువులు, గోడకు తగిలించే ఫ్రేములూ అరలూ వంటివి.

బొమ్మల సంగతి ముందు

చెక్కతో అమ్మకం అనగానే తెలుగువారికి మొదట గుర్తొచ్చేది ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు చెక్కను తరిమెన (చెక్కను గుండ్రంగా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకునేలా రంగులు పట్టిస్తారు. విజయవాడ పక్కన కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి చెక్కను భాగాలుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, ఆపైన రంగులు వేస్తారు. నిర్మల్‌లోనూ పొణికి చెక్కనే వాడతారు. ఈ మూడింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఏటికొప్పాకలో సహజ రంగుల సంప్రదాయాన్ని నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

ఇంత ఆదరణ ఉన్న రంగంలో మనమూ నాలుగు బొమ్మలు చేసి అమ్మితే పోలేదా అనిపించడం సహజం. కొత్తవారికి నేను వద్దనే చెబుతాను, దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది చట్టం. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన బొమ్మకు ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువుల నమోదిత వినియోగదారులకూ మినహాయింపు ఇచ్చారు. నగరంలో ఉద్యోగం చేస్తూ ఆదివారం బొమ్మలు చేసే మనకు ఆ మినహాయింపు దానంతటది వర్తించదు. లైసెన్సుకూ పరీక్షలకూ అయ్యే ఖర్చు నెలకు పాతిక బొమ్మలు అమ్మేవారికి గిట్టుబాటు కాదు. చట్టం మాట అటుంచినా, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఏ రంగు వేశామో, ఏ ముక్క ఊడి గొంతులో పడుతుందో పూచీ పడగలిగిన అనుభవం కొత్తవారికి ఉండదు.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమైనది. తరతరాలుగా అదే పని చేస్తున్న చేతులతో వేగంలోనూ తీరులోనూ మనం పోటీ పడలేము. పడగలిగినా వారి మార్కెట్లోకి నకళ్లతో వెళ్లడం న్యాయం కాదు. బొమ్మల మీద మక్కువ ఉన్నవారు ఆ ఊళ్ల నుంచే కొని, తమ వస్తువుల పక్కన వారి పేరుతోనే పెట్టి అమ్మితే ఇద్దరికీ మేలు.

వామనగుంటల పీట, పులిజూదం పలక వంటివాటిని చాలామంది బొమ్మలుగా భావించరు. అయినా పిల్లల ఆట కోసమని చెప్పి అమ్మితే అవి కూడా అదే ఉత్తర్వు కిందికి రావచ్చు కనుక, వాటిని మొదటి వస్తువుగా ఎంచుకోవద్దు.

వంటింటి వస్తువులు

సంవత్సరం పొడవునా అడిగేవారు ఉండేది ఇక్కడే. నాన్‌స్టిక్ పెనాలూ మూకుళ్లూ ఇళ్లలోకి వచ్చాక, స్టీలు గరిటె తగిలితే పూత గీరుకుపోతుందన్న భయంతో చెక్క గరిటెలకు గిరాకీ పెరిగింది. బజారులో యంత్రంతో చేసిన గరిటె చవకగా దొరుకుతున్న మాట నిజమే. అయితే దాని అంచు దోసె కిందికి దూరనంత మందంగా ఉంటుంది, పిడి కురచగా ఉంటుంది, మూడు నెలలకే నూగు లేస్తుంది. చేత్తో చేసేవారికి ఉన్న అవకాశం ఆ లోపాల్లోనే ఉంది.

వంటింటి వస్తువులన్నీ ఒకటి కావు. పప్పుగుత్తి, కవ్వం, చపాతీ కర్ర గుండ్రటి వస్తువులు. వాటికి తరిమెన కావాలి, దాని మీద చెయ్యి తిరగాలి, అంతా చేసి యంత్రపు సరుకు ధరతో పోటీ పడాలి. పలకలోంచి కోసి చిత్రిక పట్టి చేసే అట్లకాడ, తెడ్డు, పచ్చడి గరిటె, కూరగాయలు తరిగే పలక కొత్తవారికి అనుకూలం. వీటిలో నాకు అన్నిటికంటే అచ్చివచ్చింది జాడీలో వేసే పొడవాటి పచ్చడి గరిటె. ఆవకాయలో ఉప్పూ పులుపూ ఉంటాయి కాబట్టి లోహపు గరిటెను జాడీలో వదిలేయడానికి ఇష్టపడనివారు చాలామంది. జాడీ మూతిలో దూరేంత సన్నగా, అడుగు అందేంత పొడవుగా, 14 అంగుళాల పిడితో చేస్తే ఏప్రిల్, మే నెలల్లో ఒక్కొక్కరు రెండేసి తీసుకుంటారు.

చెక్కతో గరిటెలూ చెంచాలూ చేయడంలో మనకు ఇంటి దగ్గరే పాఠశాల ఉంది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉదయగిరి చెంచా ఒకటి కొని ఇంటికి తెచ్చుకుని, పిడి ఎక్కడ సన్నబడింది, నార ఏ వైపు పోయింది, గుంట అంచు ఎంత పలచగా ఉంది అని వారం రోజులు చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. నేర్చుకోవలసింది ఆ కొలతలూ ఆ తీరూ. ఉదయగిరి పేరు మాత్రం మన వస్తువు మీద వేయకూడదు.

ధర లెక్క ఇలా వేసుకోవాలి. అంగుళం మందం, నాలుగు అంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న పలక ఘనపుటడుగులో పన్నెండో వంతు. వేప ఘనపుటడుగు 1,200 రూపాయలు అనుకుంటే ఆ పలక వంద రూపాయలు. అందులో అడుగు పొడవు గరిటెలు ఆరు గీయవచ్చు. ముడులూ పగుళ్లూ పోగా నాలుగు నిలుస్తాయి. ఒక్కోదానికి చెక్క 25, గరుకు కాగితం, నూనె, కరెంటు కలిపి 15, సంచీ, రవాణా 10. మొత్తం 50 ఖర్చు పెట్టి 170కి అమ్మితే మిగిలేది 120. కొత్తలో ఒక గరిటెకు 40 నిమిషాలు పడుతుంది కాబట్టి గంటకు 180 రూపాయలు. ఆరేసి గరిటెలను కలిపి, కోత ఒక రోజు, గీకుడు ఒక రోజు, నూనె ఒక రోజు అని విడగొట్టుకుంటే ఆ సమయం 25 నిమిషాలకు తగ్గుతుంది. ధరలు ఊరినిబట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

ఈ పనిలో కొత్తవారు తప్పు చేసేది ఎక్కువగా పూత దగ్గర. వంటింటి వస్తువుకు వార్నిషు, పాలిష్ వద్దు. హార్డువేరు షాపులో దొరికే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు కనుక అది కూడా వద్దు. దానితో ఇంకో ప్రమాదం ఉంది: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ నాలుగు పాళ్లు, తేనెమైనం ఒక పాలు వేడినీటి గిన్నెలో పెట్టి కరిగించి చల్లారిస్తే మెత్తని పూత తయారవుతుంది. పూత వేసే ముందు గరిటెను ఒకసారి నీటిలో ముంచి ఆరనివ్వాలి. అప్పుడు లేచిన నూగును సన్నని గరుకు కాగితంతో తీసేసి, మళ్లీ ముంచి, మళ్లీ తీయాలి. ఈ రెండు ముంపులు కొన్నవారి ఇంట్లో కాకుండా మన ఇంట్లోనే జరగడం వల్లనే వారు మళ్లీ మన దగ్గరికి వస్తారు. వేపతో చేసినవాటికి మొదట్లో కాస్త వాసనా చేదూ ఉంటాయి కాబట్టి ఒకసారి మరిగించి ఆరబెట్టి ఇవ్వడం మేలు.

తరుగుడు పలకల విషయంలో నా అనుభవం చెప్పాలి. మొదటి వేసవిలో ఒక సామిల్లులో ఆరిందని చెప్పిన మామిడి చెక్క కొని, ఇరవై పలకలు చేసి అమ్మాను. మే నెల దాటేసరికి పదకొండు పగిలాయి. డబ్బు తిరిగి ఇచ్చాను, దానికంటే ఎక్కువగా బాధించింది ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లి అడగలేకపోవడం. చెక్క ఆరిందో లేదో ఎవరి మాటా నమ్మనక్కరలేదు. ఒక ముక్కను వంటింటి త్రాసులో తూచి దాని మీదే బరువు రాయండి. వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగినప్పుడు ఆరినట్టు. తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే 12 శాతం దగ్గరికి వచ్చాక పని మొదలుపెట్టవచ్చు.

పండుగ వస్తువులు, పీటలు

వినాయక చవితి నాడు దేవుడి తల పైన కట్టే పాలవెల్లి కంటే కొత్తవారికి తగిన వస్తువు నాకు కనిపించలేదు. బజారులో పుల్లలతో కట్టిన పాలవెల్లులు చవకగానే దొరుకుతాయి. అయితే వెలగకాయలు, మొక్కజొన్న పొత్తులు, దానిమ్మలు, సీతాఫలాలు వేలాడదీసేసరికి అవి నడుం వంగిపోతాయి, మరుసటి ఏడాదికి అటక మీద విరిగి కనిపిస్తాయి. నాలుగు కిలోల బరువు మోసి, ఏటా దించి కట్టుకోగలిగిన పాలవెల్లికి నిజమైన గిరాకీ ఉంది.

రెండడుగుల చదరపు పాలవెల్లికి అంగుళం వెడల్పు, అర అంగుళం మందం ఉన్న బద్దలు ఎనిమిది కావాలి: నాలుగు నిలువు, నాలుగు అడ్డం. అవి ఒకదాన్నొకటి పదహారు చోట్ల దాటతాయి. ఒక్కొక్క బద్దనూ విడిగా గీసి కోస్తే ఏ గాడీ ఏ గాడికీ సరిపోదు. ఎనిమిదింటినీ పక్కపక్కన పడుకోబెట్టి, రెండు చివర్లా క్లాంపులతో బిగించి, మూలమట్టంతో అన్నిటి మీదుగా ఒకే గీత గీసి, పావు అంగుళం లోతున ఒకేసారి రంపం పెట్టాలి. తర్వాత ఉలితో గాడి తీస్తే అన్నీ ఒకే దూరంలో ఉంటాయి, తిరగేసి ఒకదానిలో ఒకటి కూర్చితే చదరం దానంతటదే వస్తుంది. ఖరీదైన మిషను ఏదీ అక్కరలేదు. రంపం, ఉలి, మూలమట్టం, నాలుగు క్లాంపులు చాలు. చెక్క కూడా కొత్తది కానక్కరలేదు. తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాల్లో మిగిలిపోయే టేకు బద్దలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి, పైగా అవి బాగా ఆరి ఉంటాయి.

బద్దలకు వంద, కొక్కేలకూ ఫెవికాల్‌కూ 30, కట్టకూ సంచీకీ 20 పోతే 150 ఖర్చు. 500కి అమ్మితే 350 మిగులుతుంది. పదేసి కలిపి చేస్తే ఒక్కోదానికి గంటంబావు పడుతుంది కాబట్టి గంటకు 280 రూపాయలు. గరిటె కంటే ఇది మెరుగే. కానీ పాలవెల్లి అమ్ముడయ్యేది చవితికి ముందు మూడు వారాలు మాత్రమే. మిగిలిపోతే ఏడాది పాటు ఇంట్లో చోటు ఆక్రమిస్తుంది. అందుకే మొదటి ఏడాది ముప్పైకి మించి చేయవద్దంటాను, అందులో సగం ముందే ఆర్డరు ఉన్నవి అయితే ఇంకా మంచిది. గాడులు అతకకుండా, విడి బద్దలుగా కట్టకట్టి, కూర్చే తీరును బొమ్మగా గీసిన కాగితంతో ఇస్తే రెండు లాభాలు: కొన్నవారు ఏటా విప్పి దాచుకోగలరు, దూరపు ఊళ్లకు పంపేటప్పుడు పార్సిలు చిన్నదవుతుంది.

పీట సంగతి వేరు. పెళ్లిపీటలైనా, వ్రతానికి వాడే పూజపీట అయినా, భోజనానికి కూర్చునే పీట అయినా చూడటానికి ఒక పలకా కింద రెండు అడ్డకట్టెలూ అంతే. కొత్తవారి పీటలు పగిలేది మాత్రం సరిగ్గా ఆ అడ్డకట్టెల దగ్గరే. చెక్క పొడవు వైపు దాదాపు కదలదు. వెడల్పు వైపు వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. కాకినాడలో చేసిన పీట హైదరాబాదులో ఒక ఇంటికి చేరి ఎండిన గాలిలో ముడుచుకోబోతుంటే, అడ్డంగా మేకులతో బిగించిన కట్టె దాన్ని కదలనివ్వదు. అప్పుడు పలక మధ్యలో చీలుతుంది. అడ్డకట్టెకు మధ్యలో ఒక మరమేకును గట్టిగా బిగించి, చివర్లలోని రంధ్రాలను కోలగా తొలిచి మరమేకులు పెడితే పలక తన దారిన కదులుతుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని మంచి టేకు పలకలు పాడవుతున్నాయో చూస్తే దిగులు వేస్తుంది.

ఒకటిన్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు పీటకు పలక ఘనపుటడుగులో ఎనిమిదో వంతు. కోతలో పోయేది కలిపి ఆరో వంతు. టేకు 3,000 అనుకుంటే చెక్కే 500, మిగతా సరుకులు 60. 1,400కి అమ్మితే 840 మిగులుతుంది, మూడున్నర గంటల పని కాబట్టి గంటకు 240. ఒక పీట పాడైతే ఐదు వందల చెక్క పోయినట్టే. గరిటె పాడైతే పోయేది పాతిక. పెట్టుబడి తక్కువగా ఉన్నవారు ఈ తేడాను గంట లెక్క కంటే ముందు చూడాలి. పైగా టేకులో ఇసుక లాంటి పదార్థం ఉండటం వల్ల చిత్రిక, ఉలి త్వరగా మొద్దుబారతాయి. సాన పట్టడం రానివారు పీటల జోలికి వెళ్లకూడదు.

పెళ్లిపీటలకు మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల ముహూర్తాల ముందు ఆర్డర్లు వస్తాయి; ఆషాఢంలో చెయ్యి ఖాళీగా ఉంటుంది, ఆ నెల పాలవెల్లులకు సరిపోతుంది. బొమ్మల కొలువు మెట్లు కూడా మంచి వస్తువే. దసరాకూ సంక్రాంతికీ అడుగుతారు, బేసి సంఖ్యలో మెట్లు కావాలంటారు, మడత పెట్టగలిగేలా ఉండాలంటారు. అయితే ఏడు మెట్ల కొలువు చేయాలంటే చోటూ అనుభవమూ రెండూ ఎక్కువ కావాలి కనుక మూడో ఏడాదికి వదిలేయడం మంచిది.

ఫ్రేములు, అరలు, స్టూళ్లు

వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫోటో ఫ్రేములకూ పేరు పలకలకూ లేజరు మిషనుతో ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) మీద కోసేవారు గంటలో ఇరవై చేస్తారు. చేత్తో చేసేవారు ఆ ధరకు అందుకోలేరు. గోడ అరలకు ప్లైవుడ్‌తోనూ, స్టూళ్లకు ప్లాస్టిక్‌తోనూ పోటీ. బరువెక్కువ కాబట్టి రవాణా ఖర్చు లాభాన్ని తినేస్తుంది. పాత ఇంటి దూలాలు, గుమ్మాలు కూల్చినచోట చేవదేలిన చెక్క చవకగా దొరికే అవకాశం ఉన్నవారికి మాత్రం, ఆ పాత చెక్క తీరు కనిపించేలా చేసిన చిన్న అరలు ప్రత్యేకంగా అడిగి కొనేవారు దొరుకుతారు. లోపల దాగిన మేకుల కోసం ముందు అయస్కాంతం తిప్పి చూసిన తర్వాతే రంపం పెట్టాలి.

మీ పరిస్థితికి తగినది

అపార్టుమెంటులో ఉండి బాల్కనీ మాత్రమే ఉన్నవారికి గరిటెలు, పచ్చడి గరిటెలు తప్ప మరొకటి నేను చెప్పను. చప్పుడు తక్కువ, పొట్టు తక్కువ, పలకలు మంచం కింద పట్టేస్తాయి. సొంత ఇల్లూ వసారా ఉండి, వారానికి ఒక రోజంతా కేటాయించగలిగితే గరిటెలతో పాటు పాలవెల్లులు మొదలుపెట్టండి. గరిటెలు నెలనెలా ఖర్చులు వెళ్లదీస్తాయి, పాలవెల్లులు ఏడాదికి ఒకసారి చెప్పుకోదగ్గ మొత్తం ఇస్తాయి. రెండేళ్లు గడిచి, సాన పట్టడమూ చిత్రిక పట్టడమూ చేతికి వచ్చాక పీటలు. పల్లెలో ఉండి, పొలం గట్టున పెరిగిన వేప, మామిడి, పనస అందుబాటులో ఉన్నవారికి చెక్క ఖర్చు తక్కువ కాబట్టి తరుగుడు పలకలు కూడా గిట్టుబాటు అవుతాయి. అయితే సొంత చెట్టయినా కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరమేమో స్థానిక అధికారులను అడగాలి. ఎర్రచందనం ముక్క ఎవరు ఎంత చవకగా ఇచ్చినా, పాత సామానులోదని చెప్పినా తాకవద్దు. కలప ఎప్పుడూ అడితిలోనో సామిల్లులోనో రసీదు తీసుకుని కొనాలి.

ఇంట్లో ఆస్తమా ఉన్నవారు, చిన్నపిల్లలు ఉంటే ఈ పని ఇంటి లోపల అసలు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం చెక్క పొట్టు ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఎన్95 మాస్కు లేకుండా గరుకు కాగితం పట్టవద్దు. టేకు, ఇరుగుడు (రోజ్‌వుడ్) పొట్టుకు కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా వస్తాయి.

ప్రభుత్వ సాయం గురించి ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగమూ, సంప్రదాయ బొమ్మల తయారీ కూడా ఉన్నాయి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు రుణం ఇస్తారు. అది చేతివృత్తినే స్వయం ఉపాధిగా చేసుకున్నవారి కోసం ఉద్దేశించినది. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది, ప్రభుత్వ ఉద్యోగులకూ వారి కుటుంబ సభ్యులకూ వర్తించదు. జీతం మీద బతుకుతూ సరదాగా చేసే మనలాంటివారు ఆ వరుసలో నిలబడకపోవడమే ధర్మం. మీ వీధిలో అర్హులైన వడ్రంగి ఉండి ఆయనకు ఈ సంగతి తెలియకపోతే చెప్పండి.

ఎక్కడ, ఎలా అమ్మాలి

గరిటెలు చేత్తో పట్టుకుని చూస్తేనే అమ్ముడవుతాయి. కాబట్టి అపార్టుమెంట్ల ఆదివారపు అంగళ్లు, డ్వాక్రా మహిళల సరస్ ప్రదర్శనలు, పచ్చళ్లూ పొడులూ అమ్మే దుకాణాలు వాటికి తగిన చోట్లు. పచ్చళ్ల దుకాణంలో జాడీల పక్కన పెట్టిన గరిటె ఆన్‌లైన్‌లో పెట్టినదానికంటే త్వరగా పోతుంది. పాలవెల్లి అలా కాదు. పండ్లతో నింపి కట్టిన ఫోటో ఒకటి శ్రావణ మాసం మొదట్లోనే బంధువుల, కాలనీల వాట్సాప్ బృందాల్లో పెడితే ఆర్డర్లు వాటంతట అవే వస్తాయి. పీటలకు పురోహితులు, పెళ్లి సామగ్రి దుకాణాలవారు మంచి దారి.

పన్ను విషయంలో, వస్తువుల అమ్మకానికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మన స్థాయికి అది చాలా దూరం. 2023 అక్టోబరు 1 నుంచి ఆ పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందారులు ఒక నమోదు సంఖ్య తీసుకుని తమ రాష్ట్రంలో ఆన్‌లైన్ వేదికల ద్వారా కూడా అమ్మవచ్చు. ఇతర రాష్ట్రాలకు పంపేటప్పుడు నియమాలు వేరు, కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపులు ఉన్నాయి. ఒకసారి అకౌంటెంటును అడిగి మొదలుపెట్టాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు పాలవెల్లులూ పీటలూ ఇష్టంగా తీసుకెళతారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవారికి మాత్రం ముందే చెప్పాలి: అక్కడ దిగినప్పుడు చెక్క వస్తువును తప్పనిసరిగా ప్రకటించాలి, దాని మీద బెరడు ముక్కో పురుగు తొలిచిన రంధ్రమో కనిపిస్తే తీసేసుకుంటారు. అందుకే బయటి దేశాలకు వెళ్లే వస్తువుకు బెరడు పక్కన ఉండే తెల్లచెక్క వాడను. పుచ్చు పట్టేది ముందు అక్కడే.

ఏ వస్తువైనా అమ్మే ముందు కనపడని వైపు నెల, సంవత్సరం, చెక్క పేరు వేడి ఊచతో కాల్చి వేయండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా పగిలిన పీట తెచ్చి చూపితే, అది ఏ అడితి చెక్కో, ఏ కాలంలో చేసినదో, ఆ వరుసలో ఇంకెవరి ఇళ్లలో అలాంటివి ఉన్నాయో మీ పుస్తకంలో వెతికి చెప్పగలుగుతారు. వాళ్లు అడగకముందే వెళ్లి అడ్డకట్టె సరిచేసి రావచ్చు.